తక్కువ ‘ప్రభావం’ కాదు, తక్కువ కుదుపు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఇళ్లలో వాడుకునే వ్యాయామ యంత్రాల గురించి మీ పత్రిక ఆరోగ్య పుటలో అప్పుడప్పుడు వచ్చే వ్యాసాలను నేను శ్రద్ధగా చదువుతాను. వాటిలోనూ, ప్రకటనల్లోనూ, యంత్రంతో పాటు చేతికిచ్చే చిన్న పుస్తకాల్లోనూ ‘లో ఇంపాక్ట్’ అనే మాటను ‘తక్కువ ప్రభావం గల వ్యాయామం’ అని తెలుగు చేస్తున్నారు. గత నెల వ్యాసంలో గ్లైడర్ అనే యంత్రం బొమ్మ కింద కూడా అదే మాట ఉంది. నా ఉత్తరం ఆ ఒక్క మాట గురించే. అనువాదంలో దొర్లిన పొరపాటుకు ఇంత పొడుగు ఉత్తరం అవసరమా అని మీకు అనిపించవచ్చు. కానీ ఆ మాటను అక్షరాలా నమ్మి, మూడు నెలల పాటు రోజూ నలభై నిమిషాలు యంత్రం మీద కూర్చుని, ఏ ఫలితమూ పొందని మనిషిని నేను. కాబట్టి ఈ విషయంలో నాకు కొంత చనువు ఉందనుకుంటున్నాను.

తెలుగులో ప్రభావం అంటే ఒకటి మరొకదానిపై చూపే ఫలితం. మందు ప్రభావం, ఎండ ప్రభావం, చదువు ప్రభావం అంటాం. అందువల్ల తక్కువ ప్రభావం గల వ్యాయామం అని చదివిన వారికి, ఒంటికి పెద్దగా పని చెప్పనిదీ, పెద్దగా మేలు కూడా చేయనిదీ అనే అర్థమే తోస్తుంది. వ్యాయామ శాస్త్రంలో ఆ ఆంగ్లపదానికి ఉన్న అర్థం అది కాదు. పాదం నేలను తాకిన క్షణంలో నేల తిరిగి మన కాలిని నెడుతుంది. ఆ నెట్టు చీలమండ, మోకాలు, తుంటి మీదుగా వెన్ను దాకా పాకుతుంది. మామూలు నడకలో ఆ బలం మన బరువు కంటే కాస్త ఎక్కువగా ఉంటే, పరుగులో బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. నేను చాలా ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పాను. వేగంగా వస్తున్న బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి ఎందుకు లాగుతారని ప్రతి తరగతిలోనూ అడిగేదాన్ని. ద్రవ్యవేగంలో అదే మార్పు ఎక్కువ సేపట్లో జరిగితే చేతికి తగిలే బలం తగ్గుతుంది గనుక అని పిల్లలు చెప్పేవారు. ఇంపాక్ట్ అంటే ఇక్కడ ఆ దెబ్బ, ఆ తాకిడి, బండి గుంతలో పడ్డప్పుడు మనకు తెలిసే ఆ కుదుపు. కుదుపు తగ్గినంత మాత్రాన శ్రమ తగ్గాలని ఏమీ లేదు. ఈత కొట్టేవారి కీళ్లకు కుదుపు దాదాపు ఉండదు. అయినా ఈతగాడి గుండె, ఊపిరితిత్తులు ఎంత పని చేస్తాయో కొలనులో నాలుగు సార్లు ఆగకుండా అటూ ఇటూ వెళ్లి వచ్చిన ఎవరికైనా తెలుసు.

నా దగ్గరున్న యంత్రం కార్డియో గ్లైడర్. గ్లైడర్ అనే పేరుతో రెండు వేర్వేరు యంత్రాలు ఉన్నాయనే సంగతి వ్యాసాల్లో అరుదుగా చెబుతారు. నిలబడి వాడే రకంలో పాదపీఠాలు రెండూ లోలకాల్లా వేలాడుతూ ఉంటాయి, కాళ్లు కత్తెర ఆడించినట్టు ముందుకూ వెనక్కూ ఊగుతాయి. నాది కూర్చుని వాడేది. దానిలో ఆసనం, పాదపీఠాలు, చేతిపిడి మీటల ద్వారా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. కాళ్లతో ముందుకు తన్ని, చేతులతో పిడిని ఒంటివైపు లాగితే ఆసనం మనతో సహా పైకి లేస్తుంది, పట్టు సడలిస్తే మన బరువుకే కిందికి దిగుతుంది. అంటే అక్కడ మనం ఎత్తుతున్నది ప్రధానంగా మన బరువునే. కొన్నింటిలో దానికి తోడుగా నూనె నింపిన హైడ్రాలిక్ సిలిండర్ కూడా ఉంటుంది. వాడుతున్నకొద్దీ ఆ నూనె వేడెక్కి పలచబడి నిరోధం కాస్త తగ్గుతుంది. పదిహేనో నిమిషంలో పని తేలికైనట్టు అనిపిస్తే అది మన బలం పెరిగినందువల్ల కాదని తెలియక నేను కొన్నాళ్లు లోలోపల మురిసిపోయాను కూడా.

మోకాళ్ల నొప్పులు మొదలైనప్పుడు మా వైద్యురాలు పరుగు, గెంతులు, తాడాట వద్దన్నారు గానీ కదలిక మానవద్దని గట్టిగా చెప్పారు. ఈ యంత్రం మీద పాదం పీఠాన్ని విడిచి లేవనే లేవదు, కాబట్టి తిరిగి నేలకు తగిలే ప్రసక్తే లేదు. అందుకే దీన్ని ఎంచుకున్నాను, ఆ ఎంపిక ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. తప్పు ఎంపికలో లేదు, నేను దాన్ని వాడిన తీరులో ఉంది. తక్కువ ప్రభావం అని పుస్తకంలో ఉంది గనుక ఊయల ఊగినంత హాయిగా, టీవీలో వార్తలు చూస్తూ ఊగాను. చెమట పట్టలేదు, పట్టనక్కర్లేదనుకున్నాను. మూడు నెలలు గడిచాక కూడా మేడ మెట్లెక్కితే మునుపటిలాగే ఆయాసం వచ్చింది. ఆ మాట చెబితే వైద్యురాలు, యంత్రం మీద ఉన్నప్పుడు మాట్లాడగలరా, పాట పాడగలరా అని అడిగారు. పాడగలనండీ, అప్పుడప్పుడు పాడుతూనే ఉన్నాను అన్నాను. అయితే మీరు చేస్తున్నది వ్యాయామం కాదు, కాలక్షేపం అని ఆమె నవ్వారు.

ఆమె అడిగిన ప్రశ్నలు ఊరకే అడిగినవి కావు. శ్రమ స్థాయిని తెలుసుకోవడానికి వైద్యులు వాడే అతి సులువైన కొలత అదే. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి కోసం ఆగవలసి వస్తే తీవ్ర శ్రమ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను గానీ, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమను గానీ సూచిస్తున్నాయి. వాటిలో ఎక్కడా యంత్రం పేరు లేదు. చెప్పిందల్లా శ్రమ స్థాయి, సమయం. అంతకు ముందు 2010 నాటి మార్గదర్శకాల్లో ఒక్కో విడత కనీసం పది నిమిషాలు ఉండాలనే నియమం ఉండేది, 2020లో దాన్ని తీసేశారు. ఆ స్థాయి శ్రమతో ఒక్కసారిగా అరగంట చేయలేని నాలాంటి వారికి ఇది పెద్ద ఊరట, అయినా ఆరోగ్య పుటల్లో ఆ పది నిమిషాల నియమం ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి నాడి లెక్క సరిపడదు; గుండె గరిష్ఠ వేగాన్ని అంచనా వేయడానికి 220 లోంచి వయసు తీసేసే సూత్రం వారిని పక్కదారి పట్టిస్తుంది. అలాంటివారికి మాట పరీక్ష గానీ, స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ రూపొందించిన 6 నుంచి 20 వరకు ఉండే శ్రమ మాపనం గానీ మెరుగు. ఆ మాపనంలో 13 అంటే కొంచెం కష్టంగా ఉందని. నేను ఇప్పుడు ఎక్కువ సేపు అక్కడే ఉండేలా చూసుకుంటున్నాను.

యంత్రం తెర మీద కనిపించే కేలరీల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పాత అలవాటు కొద్దీ నేనే లెక్క వేసి చూశాను. నా ఒంటి బరువులో సుమారు 50 కిలోలు ప్రతిసారీ 15 సెంటీమీటర్లు పైకి లేస్తున్నాయనుకుందాం. నిమిషానికి 30 సార్ల చొప్పున అరగంటలో జరిగే పని దాదాపు 66 వేల జౌళ్లు. కండరాలు ఖర్చు చేసే శక్తిలో పనిగా మారేది నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే కాబట్టి, దానికి కావలసింది సుమారు 60 నుంచి 80 కిలోకేలరీలు (తెర మీద కేలరీలని రాసేది వీటినే). ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవి మరో 30 దాకా కలపండి. దిగేటప్పుడు ఒంటిని ఆపుకోవడానికి పట్టే శ్రమను ఉదారంగా చేర్చినా 120 చుట్టుపక్కలే ఆగుతుంది. మా యంత్రం తెర అదే అరగంటకు 260 చూపించింది. నా బరువెంతో అది ఒక్కసారి కూడా అడగలేదు. తెర మీది అంకెను నమ్మి ఆ మేరకు ఎక్కువ తినేవారి సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

శ్రమ పెంచాలని తెలిశాక నేను చేసిన రెండో పొరపాటు ఇంకా విచిత్రమైనది. వేగం పెంచడమే శ్రమ పెంచడమనుకుని ఆసనాన్ని గబగబా ఎత్తి ఒక్కసారిగా వదిలేసేదాన్ని. అది అడుగున ఉన్న ఆపుకు కొట్టుకుని ధబ్బుమనేది. ఆ దెబ్బ నేరుగా నడుముకు తగిలేది. కుదుపు లేని యంత్రం కొని, కుదుపును నా చేతులారా తెచ్చిపెట్టుకున్నానన్న మాట. దిగడాన్ని కూడా ఎక్కడంలాగే నిదానంగా, కండరాలతో పట్టి దించాలని అర్థమయ్యేసరికి నడుం నొప్పితో పది రోజులు యంత్రం జోలికి పోలేదు. వీపు వంచి చేతులతోనే లాగడం మరో దురలవాటు. నెట్టడం ముందు కాళ్లతో మొదలై, చేతులు వాటికి తోడు కావాలి. ఆసనం మరీ దగ్గరగా ఉంటే మోకాలు బాగా ముడుచుకుని చిప్ప కింద ఒత్తిడి పెరుగుతుంది; దూరంగా ఉంటే కాలు పూర్తిగా బిగుసుకుని కీలు లాక్ అయినట్టవుతుంది. ఈ రెండింటికీ మధ్య తమకు సరిపడే చోటును ఎవరికి వారు రెండు మూడు రోజులు ప్రయత్నించి చూసుకోవలసిందే. పిడిని బిగించి పట్టుకుని ఊపిరి బిగబట్టి లాగితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. పైగా ఒకే స్థాయి పనికి కాళ్ల కంటే చేతుల వాడకంలో రక్తపోటు, నాడి ఎక్కువగా పెరుగుతాయి. ముగించేటప్పుడు చప్పున దిగిపోతే కాళ్లలో చేరిన రక్తం వెంటనే పైకి రాక కళ్లు తిరగవచ్చు, అందుకే చివరి మూడు నాలుగు నిమిషాలు నెమ్మదిగా ఊగడం మంచిది. ఇక మీటల కీళ్ల మధ్య చిన్నపిల్లల వేళ్లు నలిగే అవకాశం ఉంది కాబట్టి వాడనప్పుడు యంత్రాన్ని పిన్ను పెట్టి కదలకుండా చేయడం మరిచిపోకూడదు.

తక్కువ ప్రభావం అనే మాట మా ఇంట్లోనే మరొకరిని ఎదురు దిశలో తప్పుదారి పట్టించింది. మా దగ్గరి బంధువు ఒకాయన గుండెకు స్టెంటు వేయించుకున్నారు. ప్రభావం తక్కువ కాబట్టి ప్రమాదమూ ఉండదని, వైద్యుణ్ని అడగకుండానే మా యంత్రం మీద కూర్చుని చెమటలు కారేదాకా లాగారు. అదృష్టవశాత్తూ ఛాతీలో బరువుగా అనిపించగానే ఆపేశారు. కీళ్లకు కుదుపు లేకపోవడం వేరు, గుండెకు భారం లేకపోవడం వేరు. అనువాదం సరిగా ఉంటే ఆయనకు ఆ తేడా తట్టి ఉండేదని నేను ఘంటాపథంగా చెప్పలేను గానీ, ఆయన నాతో వాదించింది మాత్రం ఆ మాటను పట్టుకునే.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది ఎముకల విషయం. కుదుపు కీళ్లకు ఇబ్బంది కావచ్చు గానీ, ఎముక గట్టిగా ఉండడానికి దానిపై భారం పడుతూ ఉండాలి. ఎముక తనపై పడే భారానికి తగ్గట్టు తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మనీ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశారు. బరువు తెలియని అంతరిక్షంలో గడిపే వ్యోమగాములకు తుంటి ఎముకల సాంద్రత నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం చొప్పున తగ్గుతుందని గమనించారు. వారు అక్కడ రోజుకు రెండు గంటల దాకా వ్యాయామం చేయడానికి ఒక కారణం అదే. ఆసనం మీద కూర్చుని చేసే గ్లైడర్ గుండెకూ ఊపిరితిత్తులకూ ఎంత మంచిదైనా, కాళ్లపై నిలబడి నడిచే నడక ఎముకలకు ఇచ్చేదాన్ని అది ఇవ్వలేదు. పడిపోకుండా ఒంటి సమతూకం నిలబెట్టుకునే అభ్యాసం కూడా దానిలో లేదు. 65 ఏళ్లు దాటినవారు వారానికి కనీసం మూడు రోజులు సమతూకానికీ బలానికీ సంబంధించిన అభ్యాసాలు చేయాలని అవే 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పడిపోయి తుంటి విరిగే భయం ఎక్కువగా ఉండే వయసులోనే మేము ఈ యంత్రాలను కొంటున్నామని వ్యాసకర్తలు గుర్తుంచుకోవాలి. నేను వారంలో నాలుగు రోజులు గ్లైడర్, మిగతా రోజుల్లో చదునైన దారిలో నడక పెట్టుకున్నాను. గోడ దగ్గర నిలబడి ఒంటికాలిపై అర నిమిషం నిలవడం రోజూ చేస్తున్నాను. మేడ మెట్లు ఇప్పుడు మధ్యలో ఆగకుండా ఎక్కగలుగుతున్నాను. మోకాళ్ల నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని ఎవరూ నాకు మాట ఇవ్వలేదు కూడా.

మీకు నా విన్నపం రెండు భాగాలు. ‘లో ఇంపాక్ట్’ను ‘కుదుపు తక్కువ వ్యాయామం’ అని గానీ, ‘తాకిడి తక్కువ వ్యాయామం’ అని గానీ రాయించండి. అవేవీ నచ్చకపోతే ఆంగ్లపదాన్నే తెలుగు లిపిలో ఉంచేయండి. అర్థం కాని మాటకైతే పాఠకుడు ఎవరినైనా అడుగుతాడు, అర్థమైందనుకున్న మాటకు అడగడు. రెండోది, ఏ యంత్రం గురించి రాసినా అది కీళ్లకు ఎంత సుఖమో చెప్పే వాక్యం పక్కనే, ఎంత శ్రమతో చేస్తే అది వ్యాయామం అనిపించుకుంటుందో, ఎవరు వైద్యుణ్ని అడిగి మొదలుపెట్టాలో చెప్పే వాక్యం కూడా ఉండేలా చూడండి. గత నెల వ్యాసంలో గ్లైడర్ బొమ్మ కింద ఉన్న వివరణను దిద్దుతూ ఒక చిన్న సవరణ వేస్తే మరింత సంతోషిస్తాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని