పిల్లల టూత్‌పేస్టును మందుగా చూడండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలతో,

పిల్లల దంతవైద్యుడిగా నేను తరచూ చూసే ఒక గుర్తుతో ఈ లేఖ మొదలుపెడుతున్నాను. రెండు మూడేళ్ళ బిడ్డ పైపెదవి ఎత్తి చూస్తే, ముందు పాలపళ్ళ మీద చిగురు అంచు వెంబడి సుద్దతో గీసినట్టు తెల్లని గీత కనిపిస్తుంది. పన్ను పుచ్చిపోవడం అక్కడే మొదలవుతుంది. ఆ దశలో రోజూ ఫ్లోరైడ్ అందితే, కోల్పోయిన ఖనిజాలు తిరిగి చేరి పన్ను గట్టిపడగలదు. కాని అప్పుడు మా దగ్గరికి ఎవరూ రారు. వచ్చేసరికి ఆ గీత గోధుమరంగు గుంటగా మారి, రాత్రంతా ఏడ్చిన బిడ్డ బుగ్గ వాచి ఉంటుంది. "ఊడిపోయే పళ్ళే కదా అనుకున్నామండీ" అంటారు తల్లులు. వారిని తప్పు పట్టలేను. ఆ మాట సరికాదని ముందుగా చెప్పవలసినవాళ్ళం మనమే.

పాలపళ్ళు పుచ్చిన పిల్లలు ప్రపంచంలో 51 కోట్లకు పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక అంచనా వేసింది. అంతకు ముందు సంవత్సరమే, 2021లో, ఆ సంస్థ ఫ్లోరైడ్ టూత్‌పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన వంటి వర్ధమాన దేశాల్లో చాలాచోట్ల మాత్రం అది ఇంకా సౌందర్య సాధనంగానే చెలామణీ అవుతోంది, అదే లెక్కన దానిపై ప్రభుత్వ పన్ను కూడా పడుతోంది. పేద కుటుంబం కొనే మందుపై వేసిన పన్నుగా దాన్ని చూసి, ఆ భారం తీసివేయవలసిందిగా ఆర్థిక శాఖను మీరు ఒప్పించాలి.

అయితే ధర తగ్గినంత మాత్రాన సరిపోదు. పిల్లల పళ్ళకు మేలు జరగాలంటే పేస్టులో 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల పాళ్ళలో అన్ని పాళ్ళు) ఫ్లోరైడ్ ఉండాలి, అదీ నోటిలో కరిగే రూపంలో ఉండాలి. చవక పేస్టుల్లో పళ్ళను రుద్దడానికి తరచూ వాడేది కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద. ఆ సుద్దలోని కాల్షియం, పేస్టులో కలిపిన ఫ్లోరైడ్‌ను కరగకుండా పట్టేసుకుంటుంది: ఫ్లోరైడ్‌ను సోడియం ఫ్లోరైడ్ రూపంలో కలిపితే వెంటనే, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ రూపంలో కలిపితే నిల్వ ఉన్న కాలాన్నీ వేడినీ బట్టి కొంచెం కొంచెంగా. ట్యూబు మీద ముద్రించిన అంకె మారదు, లోపల పనిచేసే ఫ్లోరైడ్ తగ్గిపోతుంది. శ్రద్ధగా కొని, శ్రద్ధగా తోమించిన తల్లికి జరిగే ఈ అన్యాయం ఆమెకు ఎన్నటికీ తెలియదు. నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే.

ఫ్లోరైడ్ ఎక్కువైతే హాని కదా అని మీ అధికారులు అడగవచ్చు. అడగాలి కూడా. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఉన్న ప్రాంతాల్లో పిల్లలు పేస్టు మింగకుండా మరింత జాగ్రత్త అవసరం, నీటిని శుద్ధి చేయడం అంతకంటే అవసరం. ఎక్కడైనా సరే మూడేళ్ళ లోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆ పైన ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు చాలు. దాన్ని పెద్దవాళ్ళే బ్రష్ మీద పెట్టాలి; తోమిన తరువాత ఉమ్మించాలి, నీళ్ళతో బాగా పుక్కిలించనక్కరలేదు. బ్రష్ నిండా పేస్టు పరిచి చూపించే ప్రకటనలు పిల్లల విషయంలో తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి వాటిని ఆపించాలి.

ఫిలిప్పీన్స్ ప్రభుత్వ బడుల్లో పిల్లలు చేతులు కడుక్కోవడంతో పాటు, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో ఫ్లోరైడ్ పేస్టుతో కలిసి పళ్ళు తోముకునే కార్యక్రమం నడిచింది. దానికి దంతవైద్యుడు గానీ చికిత్స కుర్చీ గానీ అక్కరలేదు. వైద్యులు కొరవడిన దేశానికి ఇంతకంటే అందుబాటులో ఉన్న మార్గం నాకు తెలియదు.

ఈ పనులన్నిటికంటే ముందు, దుకాణాల్లో అమ్ముతున్న పేస్టులనే, గడువు తేదీ దగ్గరపడిన ట్యూబులతో సహా, కొనిపించి, కరిగే ఫ్లోరైడ్ ఎంత మిగిలి ఉందో ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్షింపజేయండి. వచ్చిన అంకెలను కంపెనీల పేర్లతో సహా ప్రజల ముందు ఉంచవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పిల్లల దంతవైద్యుడు