ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఏం చేయాలో చెప్పేవాళ్లు కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

పెద్దపేగు క్యాన్సర్‌కి ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేస్తున్నారు, కీమో ఇస్తున్నారు, 2007లో ఈ పథకం రాకపోయుంటే మాలాంటోళ్లు ఉన్న ఎకరం అమ్ముకునేవాళ్లం, అందులో రెండో మాట లేదు. నా బాధంతా డిశ్చార్జ్ అయ్యాక సంగతి గురించే.

మా బాబాయికి గడ్డ తీసేసి పొట్ట మీద స్టోమా, అంటే పేగు చివరని బయటికి తెచ్చి మలం వచ్చేలా చేసే దారి, పెట్టి దానికి బ్యాగ్ తగిలించారు. ఇంటికి పంపేటప్పుడు ఒక్కసారి గబగబా చూపించారు, అంతే. పిన్ని బ్యాగ్‌కి కన్నం పెద్దగా కత్తిరించేది, దాంతో మలం తగిలి చుట్టూ చర్మం పుండైపోయింది, పుండు మీద బ్యాగ్ అతుక్కోదు, లీకు, మళ్లీ కొత్తది, ఒక్కోటీ డబ్బే కదా. కన్నం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లే ఎక్కువుండాలని, మొదటి 6-8 వారాలు వాపు తగ్గి స్టోమా చిన్నదవుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ కొలుచుకోవాలని, మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలని తర్వాత వేరేచోట ఒక స్టోమా నర్సు చెప్తే తెలిసింది. పది నిమిషాల పని అది! ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించాక చన్నీళ్లు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమని లాగాయి, పక్షవాతమేమో అని ఇంటిల్లిపాదీ హడలిపోయాం, ఆ మందుకి అది మామూలేనట.

మనసు సంగతి ఇంకా ఘోరం. వాసనొస్తుందేమోనని బస్సెక్కడం మానేశాడు, తింటే బ్యాగ్ నిండుతుందని తిండి తగ్గించాడు, మా చెల్లి పెళ్లికి కూడా రాలేదు. ఎవరెంత చెప్పినా వినలేదు. చివరికి ఓపీ దగ్గర ఒక ఆటో డ్రైవర్ చొక్కా పైకెత్తి తన బ్యాగ్ చూపించి "రోజూ దీంతోనే బండి నడుపుతున్నా బాబాయ్, ఏం కాదు" అన్నాడు, ఆ రోజు మా బాబాయి ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాడు.

ముంబైలో ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వాళ్లు ఎప్పట్నుంచో ఇలాంటి పేషెంట్లకి అండగా ఉంటున్నారు. హైదరాబాద్ దాకా వెళ్లలేని వాళ్లకోసం మన జిల్లా ఆసుపత్రుల్లో కూడా ఒక స్టోమా నర్సుని పెట్టాలి, వారానికో పూట పాత పేషెంట్లని పిలిచి కొత్తవాళ్లతో మాట్లాడించాలి, బొమ్మలతో తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. ఇంట్లో ఒకరికి ఈ జబ్బొస్తే వాళ్ల పిల్లలు, తోబుట్టువులు 40 ఏళ్లకి గానీ, పేషెంట్‌కి బయటపడిన వయసుకి పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలని కూడా ఆ కాగితంలోనే పెద్ద అక్షరాలతో రాయాలి. ఆరోగ్యశాఖ మంత్రి గారు దీని మీద దృష్టి పెట్టాలని కోరుతున్నా.

– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా