జంట రెక్కల కిట్ విమానం: మైదానానికి వెళ్లకముందే చూడాల్సినవి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు వస్తున్నాయంటే బెంగళూరులోని మన తెలుగు ఇళ్లలో రేడియో కంట్రోల్ విమానం కిట్ కొనిపెట్టమని పిల్లలు అడగడం మొదలవుతుంది. అందులోనూ జంట రెక్కల విమానం, అదే బైప్లేన్, ఇట్టే కన్ను లాగుతుంది. కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియంలో రైట్ సోదరుల విమానానికి అసలు కొలతల్లో చేసిన నమూనా ఉంది. దాన్ని చూసొచ్చిన పిల్లలకు ఒంటి రెక్క విమానం ఆనదు. 1903 డిసెంబర్ 17న ఎగిరిన ఆ విమానమూ, 1931లో తొలిసారి ఎగిరి ఆ తర్వాత మన దేశంలో ఎందరికో విమానం నడపడంలో ఓనమాలు దిద్దించిన టైగర్ మాత్ కూడా జంట రెక్కలవే.

ఇలా ఆశగా కట్టిన విమానాలు మొదటి రోజే నేలకు కొట్టుకుంటే రిమోట్ పట్టుకున్నవాళ్ల చేతకానితనం అనుకుంటారు. చాలాసార్లు అసలు తప్పు అంతకు నెల ముందే, కట్టిన బల్ల మీద జరిగిపోయి ఉంటుంది. ఒంటి రెక్క విమానం చిన్న పొరపాట్లను ఓర్చుకుంటుంది. జంట రెక్కలది అంతగా ఓర్చుకోదు. అందుకే కొనేవాళ్ల కోసం, పక్కన కూర్చుని కట్టించే తల్లిదండ్రుల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాం.

లెక్కకు వీలుగా ఒక మామూలు కిట్టు తీసుకుందాం. పై రెక్క, కింది రెక్క రెండూ మీటరు పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు. బాల్సా కర్ర, పల్చటి ప్లైవుడ్. బ్యాటరీతో కలిపి బరువు సుమారు 1.3 కిలోలు. రెక్కలు రెండు కదా, ఎత్తే బలం కూడా రెట్టింపు అనుకుంటే పొరపాటు. పై రెక్క అడుగున గాలి ఒత్తిడి పెరుగుతుంది, కింది రెక్క మీద తగ్గుతుంది. ఆ రెండూ ఎదురెదురుగా ఉండి ఒకదాన్నొకటి కొంత తినేస్తాయి. అందుకే రెక్కల మధ్య కనీసం ఒక రెక్క వెడల్పంత ఎడం ఉంచుతారు. కిట్టులోని నిలువు పుల్లలు పొడుగ్గా కనిపిస్తున్నాయని కోయకండి.

ముందు బల్ల. వంపు లేని ఫ్లష్ డోర్ ముక్క చాలు. దాని మీద ప్లాను పరిచి, జిగురు అంటకుండా పల్చటి పాలిథిన్ కప్పి, గుండుసూదులతో బిగించి కట్టాలి. జిగురు పెట్టకముందే పొడుగాటి బాల్సా పుల్లలను ఒక్కొక్కటిగా వంచి చూసి, సమానంగా వంగేవాటిని జతలు చేసి కుడి రెక్కకొకటి, ఎడమ రెక్కకొకటి పంచుకోవాలి. ఒక పక్క గట్టి పుల్ల, ఇంకో పక్క మెత్తటిది పడితే ఫిల్ము (రెక్క మీద వేడితో అంటించే పల్చటి ప్లాస్టిక్ పొర) వేసి బిగించాక మెత్తటి పక్క మెలిక తిరుగుతుంది. రెక్కల అతుకులకు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు సరిపోతుంది. తొందర లేని చోట అదే మేలు, ఆరేలోపు సరిచేసుకునే వీలుంటుంది. మోటారును పట్టి ఉంచే ముక్కు గోడకు మాత్రం నిదానంగా గట్టిపడే ఎపాక్సీనే వాడాలి, లోపలి మూలల్లో ముక్కోణపు కర్రలు కూడా పెట్టాలి. ఐదు నిమిషాల్లో ఆరిపోయే రకం అక్కడ వద్దు, మోటారు అదురుకు పగులుతుంది.

ఇక అసలు సంగతి, రెక్కల కోణం. గాలిపటానికి సూత్రం కట్టేటప్పుడు పై ముడి వేలెడు జరిగితే పటం గింగిరాలు కొట్టడం అందరికీ తెలిసిందే. ఇక్కడ అంతకంటే సున్నితం. 18 సెంటీమీటర్ల వెడల్పున్న రెక్కకు ఒక డిగ్రీ అంటే ముందు అంచుకూ వెనక అంచుకూ ఎత్తులో మూడు మిల్లీమీటర్ల చిల్లర తేడా. విమానం నడుమును, అంటే రెక్కలూ తోకా అతికే మొండేన్ని, రసమట్టంతో బల్ల మీద సమంగా నిలిపి, రెండు రెక్కలకూ మొదట్లో, మధ్యలో, కొసన ముందు వెనక అంచుల ఎత్తులు కొలిచి కాగితం మీద రాసుకోండి. కుడికీ ఎడమకూ అర డిగ్రీ, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు. పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య ఎంత తేడా ఉండాలో ప్లానులోనే ఉంటుంది. పై రెక్క కొంచెం ముందుకు జరిగి ఉండే డిజైన్లలో దానికి ఒక డిగ్రీ ఎక్కువ ఇస్తారు. వేగం తగ్గినప్పుడు ముందున్న పై రెక్కే మొదట గాలి మీద పట్టు వదలాలి, అంటే ఎత్తే బలం పోగొట్టుకోవాలి, అప్పుడు ముక్కు తనంతట తాను వాలి విమానం మళ్లీ వేగం అందుకుంటుంది. ఇది తిరగబడి కింది రెక్క ముందు పట్టు వదిలితే తోక కుంగుతుంది, ముక్కు పైకే నిక్కుతుంది. అక్కడి నుంచి తేరుకోవడం కొత్తవాళ్ల వల్ల కాదు.

ఈ కోణాలను పాడు చేసేవి రెక్కల కొసల దగ్గర రెంటినీ కలిపే నిలువు పుల్లలు. ముందు పుల్లకూ వెనక పుల్లకూ మధ్య 12 సెంటీమీటర్లు ఉండి, వాటిలో ఒక పుల్ల రెండో దానికంటే 2 మిల్లీమీటర్లు పొడుగైందనుకోండి. రెక్క కొస దాదాపు ఒక డిగ్రీ మెలిక తిరిగినట్టే. మరలు బిగిస్తే పుల్ల లొంగదు, రెక్కే లొంగుతుంది. కాబట్టి రెక్కలను సరైన కోణంలో నిలబెట్టి, పుల్లలు బలవంతం లేకుండా వాటంతట అవి కూర్చునేలా రంధ్రాలు సరిచేయాలి. అందం కోసం కట్టే తీగలదీ అదే సంగతి. ఇంత చిన్న విమానానికి స్టీలు తీగ అక్కర్లేదు, నల్ల ఎలాస్టిక్ దారం చాలు. ఒక పక్క కాస్త ఎక్కువ లాగినా రెక్క వంగదు.

ఫిల్ము గురించి ఒక్క మాట. ఇస్త్రీ పెట్టెతో బిగించేటప్పుడు రెక్క పైభాగం అంతా పూర్తిచేసి అడుగుకు పోకండి. కొంత పైన, కొంత అడుగున, మార్చి మార్చి వేడి చూపాలి. పనయ్యాక ఎత్తులన్నీ మళ్లీ కొలవాలి. మెలిక కనిపిస్తే రెక్కను దానికి ఎదురుగా కాస్త తిప్పి పట్టుకుని ఫిల్ముకు వేడి చూపి, చల్లారేదాకా వదలకుండా ఉంటే సర్దుకుంటుంది. మన ఊరి వానాకాలపు చెమ్మలో వదులైన ఫిల్మును కూడా ఇలాగే బిగించుకోవచ్చు.

తర్వాత తూకం, అంటే విమానం ముందుకూ వెనక్కూ వాలకుండా నిలిచే చోటు. ఒంటి రెక్క విమానానికి రెక్క ముందు అంచు నుంచి దాని వెడల్పులో పావు వంతు వెనక్కి కొలిస్తే సరిపోతుంది. జంట రెక్కల దానికి అలా కుదరదు. పై రెక్క అంచు నుంచి కొలవాలా, కింది దాని నుంచా అన్న దగ్గరే చాలామంది తప్పుతారు. రెండు రెక్కలూ సమానమైతే రెండు ముందు అంచుల సరాసరి తీసుకోవాలి. పై రెక్క 5 సెంటీమీటర్లు ముందుంటే ఆ సరాసరి గీత పై రెక్క అంచుకు రెండున్నర సెంటీమీటర్లు వెనక పడుతుంది. 18లో పావు వంతు నాలుగున్నర. రెండూ కలిపి 7 సెంటీమీటర్లు. మొదటిసారి ఎగరేయడానికి తూకం అక్కడ ఉండాలి. బ్యాటరీ, ప్రొపెల్లర్, చక్రాలతో సహా అన్నీ బిగించి, పై రెక్క అడుగున నడుముకు రెండు పక్కలా ఆ గుర్తు దగ్గర వేలికొసలు పెట్టి లేపండి. విమానం సమంగా ఉండాలి, లేదా ముక్కు వెంట్రుకవాసి వాలాలి. తోక వాలితే ఆ రోజు ఎగరేయొద్దు.

ఈ విమానాలకు ముక్కు పొట్టి, కాబట్టి తోకే ఎప్పుడూ బరువవుతుంది. మోటారు తూకపు గీతకు 18 సెంటీమీటర్ల ముందు, తోక 55 సెంటీమీటర్ల వెనక ఉంటే తోకలో పెరిగే ప్రతి 10 గ్రాములకూ ముక్కులో 30 గ్రాములు మోయాలి. అందుకే తోకకు రంగు పూయకండి, జిగురు చుక్కలు చుక్కలుగానే వాడండి, ఉప్పుకాగితంతో అంచులు పల్చబరచండి. ఇంత చేసినా చాలకపోతే ముందు బ్యాటరీని ముందుకు జరిపి చూడాలి, ఆ తర్వాతే సీసం. టైర్ల దుకాణాల్లో చక్రాల బ్యాలెన్సింగ్‌కు అంటించే బరువు బిళ్లలు దీనికి చక్కగా పనికొస్తాయి.

మోటారు విషయంలో, మామూలు విన్యాసాలకు కిలోకు 250 వాట్ల లెక్కన 1.3 కిలోలకు 325 వాట్లు కావాలి. 11.1 వోల్టుల మూడు సెల్లుల బ్యాటరీ మీద అది సుమారు 29 ఆంపియర్లు, కాబట్టి మోటారు వేగాన్ని పెంచి తగ్గించే స్పీడ్ కంట్రోలర్ 40 ఆంపియర్లది పెట్టుకోండి. ప్లానులో మోటారును రెండు డిగ్రీలు కుడికి, రెండు డిగ్రీలు కిందికి వంచమని ఉంటే అది అచ్చుతప్పు కాదు. మోటారు బిగించే రంధ్రాల మధ్య 40 మిల్లీమీటర్లుంటే రెండు డిగ్రీలకు ఒకటిన్నర మిల్లీమీటర్ల వాషర్ సరిపోతుంది. విమానం వెనక నిలబడి చూస్తే, కుడికి తిప్పడానికి ఎడమ పక్కన, కిందికి వంచడానికి పై పక్కన వాషర్లు వేయాలి. 2200 ఎం.ఏ.హెచ్. బ్యాటరీలో 80 శాతమే వాడుకుంటే సగటున 15 ఆంపియర్ల మీద ఏడు నిమిషాలు వస్తుంది. రిమోట్‌లో టైమర్ ఆరు నిమిషాలకు పెట్టుకోండి. ఇంట్లో సర్వోలు (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు), అసలు మోటారు సరిచూసేటప్పుడు ప్రొపెల్లర్ ఊడదీసి పక్కన పెట్టడం తప్పనిసరి. పిల్లల వేళ్లు దాని దగ్గరే తిరుగుతుంటాయి.

ఒంటి రెక్క విమానం బాగా నడిపేవాళ్లు కూడా ఇక్కడ తడబడేది మలుపులో. కుడికి తిప్పాలని ఎయిలెరాన్ (రెక్క వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలక) ఇస్తే ఎడమ రెక్క పలక కిందికి దిగి గాలిని అడ్డుకుంటుంది, దాంతో ముక్కు ఎడమకు జారుతుంది. బైప్లేన్‌లో ఇది మరీ ఎక్కువ, నెమ్మదిగా పోతున్నప్పుడు ఇంకా ఎక్కువ. పలక పైకి 12 మిల్లీమీటర్లు లేస్తే కిందికి 6 మాత్రమే దిగేలా రిమోట్‌లో అమర్చుకుంటే సగం బాధ తీరుతుంది. మిగతా సగం రడ్డరే, అంటే తోక మీద నిలువుగా ఉండి ముక్కును పక్కకు తిప్పే పలకే, తీర్చాలి. ప్రతి మలుపులోనూ ఎయిలెరాన్‌తో పాటు అదే వైపు రడ్డర్ ఇవ్వడం వేళ్లకు అలవాటు కావాలి.

బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి సాంద్రత చెన్నైతో పోలిస్తే ఎనిమిది శాతానికి పైగా తక్కువ. అందువల్ల అదే విమానం ఇక్కడ గాలిలో నిలబడాలంటే నాలుగైదు శాతం ఎక్కువ వేగం కావాలి. చెన్నైలో దింపినంత నెమ్మదిగా ఇక్కడ దింపబోతే రెక్క పడిపోతుంది. పైగా పుల్లలు, తీగలు, రెండు రెక్కలు కలిసి గాలిని బాగా అడ్డుకుంటాయి కనుక మోటారు ఆపగానే బ్రేకు వేసినట్టు వేగం పోతుంది. చక్రాలు నేల తాకేదాకా కొంత పవర్ ఉంచే దింపాలి. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది లోపు గాలి నిలకడగా ఉంటుంది. ఎండ ఎక్కితే వేడిగాలి లేస్తుంది, దాని మీద గద్దలు తిరుగుతాయి, వాటి దారిలోకి వెళ్లకపోవడమే మంచిది.

మొదటిసారి పైకి లేచాక విన్యాసాలు వద్దు. 30 మీటర్ల ఎత్తున పవర్ తగ్గించి, ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలకను, అదే ఎలివేటర్‌ను, మెల్లగా లాగి ఏమవుతుందో చూడండి. ముక్కు తిన్నగా వాలితే బల్ల మీద పని బాగా జరిగినట్టే. మామూలు వేగంలో కుడికి ఒరుగుతూ, వేగం తగ్గగానే ఎడమకు పడిపోయే విమానానికి ఎడమ రెక్క కోణం ఎక్కువైందని అర్థం. అదే రెక్క వేగంలో ఎక్కువ లేస్తుంది, నెమ్మదిస్తే ముందుగా పట్టు వదులుతుంది. రిమోట్‌లో చిన్న చిన్న సవరణలు చేసే ట్రిమ్ములతో దాన్ని కప్పిపుచ్చకుండా ఇంటికి తెచ్చి నిలువు పుల్లలు విప్పి మళ్లీ కొలవండి.

ఎక్కడ ఎగరేయాలన్నది ఈ ఊళ్లో చాలా పెద్ద ప్రశ్న. 2021 డ్రోన్ నియమాలు ఈ నమూనా విమానాలకూ వర్తిస్తాయి. పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 కిలోమీటర్ల లోపల ఎరుపు మండలం, అక్కడ కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. 5 నుంచి 8 వరకు పసుపు, విమాన నియంత్రణ అధికారుల అనుమతి కావాలి. 8 నుంచి 12 వరకు 60 మీటర్ల ఎత్తు దాకా, ఆపైన మిగతా ఆకుపచ్చ ప్రాంతాల్లో 120 మీటర్ల దాకా అనుమతి అడగనక్కర్లేదు. మన చుట్టూ దేవనహళ్లి, హెచ్.ఏ.ఎల్., యలహంక, జక్కూరు రన్‌వేలు ఉన్నాయి. మన వాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి హెచ్.ఏ.ఎల్. రన్‌వే పక్కనే. అక్కడ మేడ మీద నుంచో ఖాళీ స్థలంలోనో సరదాకైనా ఎగరేయకూడదు. బయల్దేరే ముందు కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ డిజిటల్ స్కై పటంలో ఆ చోటు రంగు చూసుకోవాలి. ఎరుపు మండలాలు విమానాశ్రయాల చుట్టే కాదు, వేరే చోట్లా ఉంటాయి.

మీ బెంగళూరు సంచికలో వేసవి శిబిరాల వివరాలు, పిల్లల పేజీలో విమానాల కిట్ల గురించి వేసేటప్పుడు ఈ దూరాలను కూడా ఒక పెట్టెలో వేయవలసిందిగా కోరుతున్నాం. కిట్ల మీద ఉండే కన్నడ, ఇంగ్లిష్ కాగితాలు చదవలేని తాతయ్యలు, అమ్మమ్మలే చాలా ఇళ్లలో పిల్లలను వెంటబెట్టుకుని మైదానానికి వెళ్తుంటారు.

ఇట్లు,
నమూనా విమానాలు కట్టి ఎగరేసే కొందరు తెలుగు పాఠకులు,
బెంగళూరు