5-బి వాంతులు, మీ ఇంటి లీటరు సీసా

తల్లిదండ్రులకు నమస్కారం.

5-బిలో పదకొండు మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్న సంగతి మాకంటే ముందే మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. నేరం క్యాంటీన్ సాంబారన్నం మీద పడింది. ఆ పదకొండు మందిలో ఏడుగురు ఇంటి డబ్బా తినేవాళ్లే. పైగా సోమవారం ఒకరు, బుధవారం నలుగురు, శుక్రవారం ఆరుగురు. తిండి చెడితే తిన్నవాళ్లు దాదాపు ఒకేసారి పడతారు. ఇలా వంతులవారీగా పడ్డారంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకున్నట్టే. ఇలా అంటుకునే వాంతుల, విరేచనాల వైరస్ నోరోవైరస్. సోకిన 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది, ఒకటి నుంచి మూడు రోజులుంటుంది.

సోమవారం బస్సులో కక్కుకున్న బిడ్డకు పొద్దున ఇంట్లోనే రెండుసార్లు అయిందట. యూనిట్ టెస్టు కదా అని వాంతుల సిరప్ పట్టి ఎక్కించారు. చదువు మీద మీ శ్రద్ధ మాకు సంతోషమే. టెస్టు మళ్లీ పెడతాం, దయచేసి చివరి వాంతి లేదా విరేచనం తర్వాత నిండా 48 గంటలు ఇంట్లోనే ఉంచండి. ఈ వైరస్ శానిటైజర్‌కు పెద్దగా లొంగదు, సబ్బుతో 20 సెకన్లు కడగాలి. వాంతి పడ్డచోట ఫినాయిల్ చాలదు: ముందు గ్లవ్స్‌తో తుడిచి, లీటరు నీళ్లకు 5 శాతం బ్లీచ్ ద్రావణం 20 మి.లీ. కలిపి పోసి, పది నిమిషాలు ఆగండి.

ఇక ఓఆర్ఎస్. దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. పేగు గోడలో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లు పోతాయి. విరేచనాలప్పుడు కూడా ఆ దారి మూసుకుపోదు. అంతా కొలతలోనే ఉంది. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లకు, చిన్నది 200 మి.లీ.కి, ప్యాకెట్ మీద చూడండి. చిక్కగా కలిపితే నీళ్లు తిరిగి పేగులోకే లాగేసి విరేచనాలు పెరుగుతాయి, రక్తంలో ఉప్పు ఎక్కుతుంది. మా 7-ఎ అమ్మాయిలు నలుగురు ల్యాబు కొలజాడీ పట్టుకుని తరగతిలో సీసాలన్నీ కొలిచారు. ఇంట్లో లీటరనుకుంటున్నవాటిలో సగానికి పైగా 750 మి.లీ.వే! ఆ పట్టిక మెట్ల దగ్గర అంటించారు, ఆ ముత్యాల్లాంటి అక్షరాల కోసమైనా ఒకసారి చూసి వెళ్లండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాల మీంచి ఆ మాట తీసేయమని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. పాత డబ్బాలు ఇంట్లో ఉంటే పట్టించకండి.

వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకొక చెంచా. గ్లాసెత్తి గటగటా తాగిస్తే అంతా కక్కేస్తారు. రెండేళ్లు దాటినవాళ్లకు ప్రతి విరేచనానికీ 100 నుంచి 200 మి.లీ. లంఖణాలు వద్దు, ఇడ్లీ, పెరుగన్నం పెట్టవచ్చు. విరేచనాలు కట్టే పెద్దవాళ్ల మాత్ర, మిగిలిన యాంటీబయాటిక్ వద్దే వద్దు. ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, కన్నీళ్లు లేకుండా ఏడ్చినా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం లేదా ఆకుపచ్చ వాంతి కనిపించినా గ్రూపులో అడగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

రెండో టర్మ్ ఫీజు, ఆటల పోటీల టీషర్టు కొలతలు గురువారంలోగా.

ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: సీసా మూత రబ్బరు ఊడదీసి, దాని కింద ఏముందో ఈ రాత్రి చూడండి.