చప్పుడే ముల్లైనప్పుడు

సంపాదకుల వారికి,

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టెల పక్కన నడిచిన నాటి నుంచి, గిన్నెకు గరిటె తగిలినా చెవిలో సూది గుచ్చినట్లుండేది. వినికిడి పరీక్షలో లోపం కనబడకపోవడంతో ఇంట్లోవారు చాదస్తమనుకున్నారు, వారిని తప్పుపట్టలేను. దీనిని హైపరాక్యూసిస్ అంటారనీ, అస్తమానం చెవుల్లో దూది పెట్టుకుంటే మెదడు చిన్న శబ్దాన్నీ పెద్దదిగా గ్రహించడం మొదలుపెడుతుందనీ, వానహోరు వంటి సన్నని ధ్వనిని రోజూ వింటూ క్రమంగా స్థాయి పెంచుకోవాలనీ బరంపురంలో వైద్యులు వివరించగా, ఏడాదికి వంటింటి చప్పుళ్లను భరించగలిగాను. కుక్కరు విజిల్ వేసినప్పుడు మాత్రం ఇప్పటికీ పెరట్లోకి వెళతాను.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 45. ఊరేగింపులకు అనుమతి ఇచ్చేటప్పుడు ఈ నియమాలను ఒడియాతోపాటు తెలుగులోనూ ముద్రించి ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను.

ఒక పాఠకురాలు, పర్లాకిమిడి