ఇకమీదట బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్ బిగించం

ఈ పది రోజుల్లో నలుగురు కస్టమర్లు నాతో గొడవపడ్డారు. నలుగురిదీ ఒకటే మాట, "ఇన్నేళ్లూ మీరే లోపల బిగించారు కదండీ, ఇప్పుడేంటి కొత్తగా రూల్సు?" అని. మా విజయవాడ పటమటలో ఒకాయనైతే గీజర్ ఆన్‌లైన్‌లో కొని, డబ్బా కూడా విప్పి రెడీగా పెట్టుకున్నారు. మా కుర్రాడు కుదరదనేసరికి గంటలో ఇంకో మెకానిక్‌ని పిలిపించి బాత్రూమ్‌లోనే బిగించేసుకుని, ఆ ముక్క నాకే ఫోన్ చేసి మరీ చెప్పారు. సరే, ఒక్కొక్కరికీ విడిగా చెప్పుకుంటూ కూర్చునే బదులు అందరికీ ఒకేసారి రాసేద్దామనుకున్నాను. ధనుర్మాసం మొదలైందంటే నాకు అన్నం తినే తీరిక కూడా ఉండదు.

విషయం ఇది. ఇకమీదట మా షాపు తరఫున బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్ బిగించం. వాష్ ఏరియాలోనో, బాల్కనీలోనో, ఇంటి వెనక సందులోనో, గాలి బాగా ఆడే చోట బయట పెట్టించుకుంటామంటేనే వస్తాం. ఇంతకుముందు మేం లోపల బిగించినవి బయటికి మార్చడానికి లేబర్ చార్జీ తీసుకోను. పైపు, ఫిట్టింగుల ఖర్చు మాత్రం మీదే, అది కూడా నేనే పెట్టుకునేంత ఉన్నవాణ్ని కాదు.

లోపల బిగించింది నేనే అన్నది నిజం. గాలాడే చోట పెట్టమని గీజర్‌తో వచ్చే పుస్తకంలో ఉంటుంది, నేనూ చదివాను. వెంటిలేటర్ ఉంది కదా, సరిపోతుందిలే అనుకునేవాణ్ని. పోయిన భోగి రోజు దాకా అలాగే అనుకున్నాను.

నేను లోపల గీజర్ బిగించిన ఒక ఇంట్లో ఆ పండక్కి కూతుళ్లు, అల్లుళ్లు, పిల్లలు అంతా కలిపి పదకొండు మంది. భోగి తలంటు కదా, పొద్దున ఐదింటి నుంచి ఒకరి తర్వాత ఒకరు వెళ్తూనే ఉన్నారు, గీజర్‌కి విరామం లేదు. అందరివీ అయ్యాక చివర్లో ఆ ఇంటావిడ వెళ్లారు. ఎంతసేపటికీ రాలేదు. కోడలు తలుపు కొడితే పలకలేదు, లోపల బకెట్ పొంగి నీళ్లు పోతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. గడియ విరగ్గొట్టి బయటికి మోసుకొచ్చారు. కొడుకు కంగారులో, కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ వెతికి తెచ్చి వేలికి పెడితే 98 చూపించింది. ఆక్సిజన్ బాగానే ఉంది, రాత్రంతా పనులు చేసి బీపీ పడిపోయినట్టుంది అనుకుని, నోట్లో గ్లూకోజ్ నీళ్లు పోయబోయారట. పక్కింట్లో నర్సుగా చేసే అమ్మాయి వచ్చి, మంట ఇంకా మండుతున్న గీజర్ చూసి, ఆ గ్లాసు పక్కన పెట్టండి, ముందు 108కి చేయండి అని అరిచింది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు, ఆవిడ బతికారు. ఇప్పుడు బాగానే ఉన్నారు, మొన్న కూరగాయల దగ్గర కనపడితే నేనే తలదించుకున్నాను.

ఆ మధ్యాహ్నమే వెళ్లి చూశాను. వెంటిలేటర్ అద్దాల మీద పాత ఫ్లెక్సీ ముక్క, దాని చుట్టూ ప్యాకింగ్ టేపు. ఎవరో నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు, సగం మొహం కనిపిస్తోంది. ఎందుకు పెట్టారు అంటే దోమలు. బెజవాడ దోమల గురించి నేను చెప్పాలా? మా ఇంట్లోనూ మా ఆవిడ వెంటిలేటర్‌కి గుడ్డలు కుక్కుతుంది. గీజర్ మూత విప్పితే లోపల రాగి రెక్కల మధ్య నల్లటి మసి. నేను బిగించినప్పుడు ఆ ఫ్లెక్సీ లేదు, నిజమే. కానీ బిగించి వచ్చేశాక వెంటిలేటర్‌ని ఎవరు మూస్తారో, ఎప్పుడు మూస్తారో నా చేతిలో లేనప్పుడు దాన్ని నమ్ముకుని ఎలా బిగిస్తాను?

మంటకి గాలి కావాలి, ఎంత కావాలో చాలామందికి తెలియదు. నిమిషానికి 6 లీటర్ల వేడినీళ్లిచ్చే మామూలు గీజర్ ఆపకుండా అరగంట నడిస్తే సుమారు అరకిలో గ్యాస్ తాగుతుంది. ఆ అరకిలో సరిగ్గా మండటానికి ఆరు ఘనపు మీటర్లకు పైగా గాలి కావాలి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూమ్‌లో మొత్తం గాలే అంతకన్నా తక్కువ. అందులోనే మీరూ ఊపిరి పీల్చుకోవాలి. గాలి తగ్గేకొద్దీ మంట సరిగ్గా మండక కార్బన్ మోనాక్సైడ్ విడుదలవుతుంది. లీకైన సిలిండర్ వాసన వస్తుంది కదా, అది గ్యాస్ వాసన కాదు, లీకు తెలియాలని కంపెనీలు కావాలని కలిపే మెర్కాప్టాన్ వాసన. మోనాక్సైడ్‌కి అలాంటిదేమీ ఉండదు, వాసనా లేదు, రంగూ లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, ఆ తర్వాత కాళ్లలో సత్తువ పోతుంది, గడియ తీద్దామన్నా చెయ్యి లేవదు. ఆక్సీమీటర్ సంగతి నాకు డాక్టరు గారే చెప్పారు, మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేస్తుందట. అందుకని ఆ అంకె చూసి ధైర్యపడకండి. మనిషిని ముందు బయటి గాలిలోకి తీసుకురండి, 108కి ఫోన్ చేయండి, ఆస్పత్రిలో గ్యాస్ గీజర్ అన్న మాట మీరే ముందు చెప్పండి.

"మా గీజర్‌కి సేఫ్టీ ఉంది, ఇరవై నిమిషాలకి దానంతటదే ఆగిపోతుంది" అంటారు కొందరు. కొన్ని మోడళ్లలో ఉంటుంది, మంచిదే. ఆగాక పంపు కట్టేసి మళ్లీ తిప్పితే మళ్లీ వెలుగుతుంది, భోగి రోజు ఎవరు ఆగుతారు చెప్పండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడతామంటారు ఇంకొందరు. తలుపు కింద సందు కూడా లేకపోతే అది లాగే గాలికి బదులు గాలి ఎక్కడి నుంచి వస్తుంది? పైగా కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, గీజర్ ఆగదు, అది నడిచేది రెండు పెద్ద బ్యాటరీల మీద.

అపార్ట్‌మెంట్ వాళ్లకి ఒక మాట. డక్ట్‌లో, అంటే పైపుల కోసం కింది నుంచి పైదాకా వదిలే ఇరుకు ఖాళీలో పెట్టమని అడుగుతున్నారు, అది బయట లెక్కలోకి రాదు. ఆ డక్ట్‌లోకి పైవాళ్ల బాత్రూమ్ కిటికీలు కూడా తెరుచుకుంటాయి. మీ పొగ వాళ్లింట్లోకి పోతుంది. అదీ చేయను.

బయట పెడితే ఇబ్బందులు లేవనను. పైపు పొడుగవుతుంది కాబట్టి మొదట రెండు మగ్గులు చల్లనీళ్లే వస్తాయి. వేడినీళ్ల లైనుకి వేడిని తట్టుకునే సీపీవీసీ పైపే వేయాలి, మామూలు తెల్ల పీవీసీ మెత్తబడిపోతుంది. గాలి ఎక్కువగా కొట్టే బాల్కనీ అయితే ఒక అడ్డు కావాలి. ట్యాంకు కిందే ఉన్న పై అంతస్తులో ప్రెషర్ చాలక గీజర్ అసలు వెలగదు, అలాంటి వాళ్లని కరెంటు గీజర్ కొనుక్కోమని నేనే చెబుతున్నాను.

సిలిండర్ విషయంలో నేను గట్టిగా ఉండేది రెండు చోట్ల. ఒకటి, పొయ్యికి వెళ్లే రబ్బరు పైపు కోసి, మధ్యలో టీ జాయింటు (మూడు దారుల ముక్క) పెట్టి గీజర్‌కి లాగడం, అది మా వాళ్లు ఎవరూ చేయరు. రెండోది ఆరంజి రంగు సురక్ష పైపు, ఐదేళ్లు దాటితే పైకి ఎంత బాగున్నా మార్చాల్సిందే. జాయింట్లకి సబ్బునురగ రాసి చూస్తాం, చిన్న బుడగ లేచినా మళ్లీ విప్పుతాం, ఒక్కోసారి ఈ పనికే అరగంట పడుతుంది, విసుక్కోకండి. అగ్గిపుల్లతో చూసేవాడు వస్తే ఇంట్లోకి రానివ్వకండి. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి గ్యాస్ లీకుల ఎమర్జెన్సీ నంబరు 1906కి చేయండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు సిలిండర్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అప్పుడు మునిగిన రెగ్యులేటర్ ఇంకా వాడుతుంటే ఏజెన్సీలో చెప్పి మార్పించుకోండి.

బోరు నీళ్లున్న ఇళ్లలో ఏడాదికోసారి సర్వీసు తప్పదు, కాయిల్‌లో ఉప్పు గారకడుతుంది. అద్దంలోంచి మంట నీలంగా కాకుండా పసుపుగా కనిపించినా, మూత పైన మసి కనిపించినా ఆ రోజు నుంచే వాడటం ఆపేయండి.

మార్చాల్సిన ఇళ్లు నా పుస్తకంలో అరవై దాకా ఉన్నాయి, మేం ముగ్గురమే. ముందు వృద్ధులు, గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇళ్లకి వస్తాం. మేం వచ్చేదాకా స్నానానికి ముందే తలుపు బార్లా తీసి పెట్టి బకెట్ నింపుకోండి, పంపు కట్టేసి మంట ఆరిందో లేదో చూసి, కాసేపు ఆగి అప్పుడు లోపలికి వెళ్లండి. షవర్ కింద నిలబడొద్దు. మీ గీజర్ ఫోటో షాపు వాట్సాప్‌కి పెట్టండి, వెంటిలేటర్ కూడా కనపడేలా తీయండి.