మందులకు లొంగని ఫిట్స్: ఆరోగ్య శాఖ మంత్రి గారికి విశాఖ నుంచి ఒక తల్లి రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది విశాఖపట్నం, గోపాలపట్నం. మా బాబుకి తొమ్మిదేళ్లు. పసితనం నుంచీ వాడికి ఫిట్స్ ఉన్నాయి, మందులకు లొంగని రకం. ఈ లేఖ మీ ఆఫీసుకి పంపి ఊరుకోవచ్చు. అందరికీ కనబడేలా ఎందుకు రాస్తున్నానంటే, ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్ ఓపీ దగ్గర ఇలాంటి పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునే తల్లుల్లో పాడేరు వాళ్లుంటారు, పార్వతీపురం వాళ్లుంటారు, పలాస నుంచి తెల్లవారకముందే రైలెక్కి వచ్చినవాళ్లుంటారు, ఒడిశా నుంచి కూడా వస్తారు. వాళ్లలో ఎందరికో మంత్రి గారికి ఉత్తరం రాయొచ్చన్న ఆలోచనే రాదు. వచ్చినా తీరిక దొరకదు.

అడగాల్సినవి చాలా ఉన్నాయి గానీ ముందు ఒక్కటి అడుగుతాను. బడిలో పిల్లవాడికి ఫిట్స్ వచ్చి ఆగకపోతే, డాక్టర్ రాసిచ్చిన ముక్కు స్ప్రే టీచర్ కొట్టవచ్చని, కొట్టాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి.

చాలావరకు ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. పిల్లాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిది ఏదైనా పెట్టి, గడియారం చూస్తూ పక్కనే ఉంటే చాలు. ఐదు నిమిషాలు దాటినా ఆగలేదంటే మాత్రం అది ప్రాణం మీదికి వచ్చినట్టే. సేపు గడిచేకొద్దీ ఆపడం కష్టమవుతుంది, మెదడుకి దెబ్బ తగిలే ప్రమాదమూ పెరుగుతుంది. అలాంటప్పుడు ముక్కులో కొట్టేందుకే మిడజోలం స్ప్రే ఉంది. సూది అక్కర్లేదు, నర్సు అక్కర్లేదు. బరువును బట్టి ఏ ముక్కులో ఎన్నిసార్లు కొట్టాలో డాక్టర్ చీటీ మీద రాసిస్తారు. చదువు రాని మా అత్తగారు కూడా నేర్చుకున్నారు. ఇంట్లో నేను లేనప్పుడు ఆవిడే కొట్టారు.

అత్తగారు చేయగలిగిన పని బీఈడీ చదివిన టీచర్ చేయలేరా? చేయగలరు, చాలామంది చేయాలనే అనుకుంటారు. కానీ భయం. మందు వేశాక ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి అన్న భయం. వాళ్లని తప్పుపట్టను. వాళ్ల వెనక ఉత్తర్వు లేదు, శిక్షణ లేదు. మా బాబు మొదట చదివిన ప్రైవేటు బడివాళ్లు, క్లాసులో ఫిట్స్ చూసి మిగతా పిల్లలు జడుసుకుంటున్నారని చెప్పి టీసీ తీసుకెళ్లమన్నారు. ఇప్పుడు చదివే బడిలో హెడ్ మేడం మంచి మనిషి, చేర్చుకున్నారు. ఒకటే షరతు, ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు బడిలోనే ఉండాలి. అందుకని వరండా చివర, తాగునీటి కుళాయి పక్కన నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. సంచిలో స్ప్రే, మారు బట్టలు, తువ్వాలు పెట్టుకుని మొదటి బెల్లు నుంచి ఆఖరి బెల్లు దాకా అక్కడే కూర్చుంటాను. కుట్టుపని మానేశాను. నా సంపాదన పోతేపోయింది. తల్లీతండ్రీ ఇద్దరూ కూలికి పోతేగానీ గడవని ఇంట్లో ఏం చేస్తారు? పిల్లాణ్ణి బడి మాన్పిస్తారు. చాలామంది చేస్తున్నది అదే.

108కి ఫోన్ చేయొచ్చు కదా అంటారు. చేస్తాం, వాళ్లు వస్తారు, ఓపిగ్గా చూస్తారు కూడా. కానీ సాయంత్రం పూట ఎన్ఏడీ జంక్షన్, కంచరపాలెం మీదుగా కేజీహెచ్ చేరాలంటే ఎంతసేపు పడుతుందో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఏజెన్సీ పల్లె నుంచి ఘాట్ దిగి రావాల్సినవాళ్ల సంగతి ఇక చెప్పేదేముంది? ఐదు నిమిషాల్లో చేరుకునే అంబులెన్స్ ఎక్కడా ఉండదు. బడి బీరువాలో స్ప్రే ఉండొచ్చు. అంగన్‌వాడీలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, 108 బండిలో ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తప్పక అందుబాటులో ఉండాల్సిన మందుల జాబితాలో పిల్లల ఫిట్స్ ఆపడానికి మిడజోలంకి చోటిచ్చింది కూడా. శిక్షణకి ఒక పూట చాలు. ఆ పూటలోనే చేతిలో తాళాలు పెట్టకూడదని, నోట్లో చెంచా దూర్చకూడదని, నీళ్లు తాగించకూడదని, కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకూడదని కూడా చెప్పించండి. మొన్న రైతుబజారులో మా వాడు పడిపోతే సాయానికి వచ్చిన ముగ్గురిలో ముగ్గురూ తాళాల కోసమే వెతుక్కున్నారు.

మందులకు లొంగని ఫిట్స్ అంటే ఏమిటో కూడా చెప్పాలి. మీ శాఖ పథకాల్లో మాలాంటి వాళ్లకి చోటు లేకపోవడానికి అసలు కారణం అక్కడే ఉందని నా నమ్మకం. సరైన మందు సరిగ్గా అందితే ఫిట్స్ ఉన్నవాళ్లలో 70 శాతం మంది దాకా అవి లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సంతోషమే. మేం ఆ మిగిలినవాళ్లం. తగిన మందులు రెండు, తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే మందులకు లొంగని మూర్ఛగా లెక్కించాలని అంతర్జాతీయ నిపుణుల సంఘం 2010లో నిర్ణయించింది. ఆ గీత అక్కడ గీయడానికి కారణం ఉంది. గ్లాస్గో డాక్టర్లు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, అంతకుముందు ఫిట్స్ మందే వాడని 470 మందిని చూస్తే మొదటి మందుతో 47 శాతం మందికి ఫిట్స్ ఆగాయి, రెండో మందుతో మరో 13 శాతం మందికి. ఆ తర్వాత ఎన్ని మార్చినా, ఎన్ని కలిపినా మేలు జరిగింది చాలా కొద్దిమందికే.

మన దగ్గర మాత్రం రెండు మందులు పనిచేయకపోతే మూడోది, మూడోది పనిచేయకపోతే నాలుగోది. ఏళ్లు గడిచిపోతాయి. వాల్‌ప్రోయేట్, లెవెటిరాసిటమ్, క్లోబజామ్, టోపిరమేట్ మా ఇంట్లో పప్పు, ఉప్పు, చింతపండు లాంటి మాటలైపోయాయి. ఒకదానితో వాడు మొద్దునిద్ర పోతాడు, ఇంకోదానితో ఊరికే కోపం, మరోదానితో తిండి సహించదు. నిన్న వచ్చిన ఎక్కాలు ఈ రోజు రావు. రోగం వల్లో మందు వల్లో తెలియక మాకు టెన్షన్.

ఈ పిల్లల్లో కొందరికి సర్జరీతో ఫిట్స్ పోతాయి. ఇది విదేశాల సంగతి కాదు. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు మందులకు లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి సర్జరీ చేశారు, రెండో జట్టుకి అప్పటికి మందులే కొనసాగించారు. ఏడాది తర్వాత చూస్తే సర్జరీ అయినవాళ్లలో 77 శాతం మందికి ఫిట్స్ లేవు, మందుల మీదే ఉన్నవాళ్లలో 7 శాతం మందికి లేవు. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. అందరికీ సర్జరీ పనికిరాదు, నాకు తెలుసు. పనికొస్తుందో లేదో తేల్చడానికే మెదడు తరంగాలను రికార్డు చేసే వీడియో ఈఈజీ పెట్టి పగలూ రాత్రీ చూడాలి, మంచి ఎంఆర్ఐ తీయాలి, న్యూరాలజీవాళ్లూ న్యూరోసర్జరీవాళ్లూ కూర్చుని మాట్లాడుకోవాలి. దానికోసం మావాళ్లు హైదరాబాద్ నిమ్స్‌కో, బెంగళూరు నిమ్‌హాన్స్‌కో, తిరువనంతపురం శ్రీచిత్రకో పోతుంటారు. రైల్లో రాత్రంతా పై బెర్తు ఎక్కనివ్వకుండా, కిందా వదలకుండా పిల్లాణ్ణి పట్టుకుని కూర్చుంటారు. నిద్ర తప్పితే ఫిట్స్ ఎక్కువవుతాయి, ప్రయాణమంటే నిద్ర తప్పడమే. కేజీహెచ్‌లో గానీ, విశాఖలోనే ఉన్న మరో ప్రభుత్వ ఆస్పత్రి విమ్స్‌లో గానీ వారానికి ఒక రోజు ఈ పిల్లల కోసమే ఓపీ పెట్టించండి. రెండో మందు విఫలమైన రోజే అక్కడికి పంపాలని జిల్లా ఆస్పత్రులన్నిటికీ చెప్పండి. ఈఈజీ పరీక్షలు ఇక్కడే జరిగితే, నిజంగా సర్జరీ అవసరమైన పిల్లలే రైలెక్కుతారు.

సర్జరీ కుదరనివాళ్లకు కీటోజెనిక్ డైట్ అని ఒకటుంది. 1921 నుంచీ వాడుకలో ఉన్న వైద్యం. పిండి పదార్థాలు దాదాపు మానేసి కొవ్వు మీద శరీరాన్ని నడపడం. అన్నం తినే ఇంట్లో అది ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. గ్రాముల త్రాసు మీద గిన్నె పెట్టి సున్నా చేసి, గుడ్డు కొట్టి, వెన్న తూచి, కొబ్బరినూనె కలిపి పెడతాను. గిన్నెకి అంటుకున్న నూనె కూడా గరిటెతో గీకి తినిపించాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. దగ్గుమందు సిరప్‌లో పంచదార ఉంటుందని అదీ పోయకూడదు. సంక్రాంతికి ఇంటినిండా అరిసెల వాసన, వాడు తలుపు దగ్గర నిలబడి చూస్తాడు. అడగడు. అడగడం మానేశాడు. ఫిట్స్ సగానికి తగ్గాయి కాబట్టి నేను మానను. అయితే ఈ డైట్ తెలిసిన డైటీషియన్ సాయం లేకుండా ఇంట్లో సొంతంగా చేయడం ప్రమాదం, పిల్లల ఎదుగుదల దెబ్బతింటుంది. అలాంటి డైటీషియన్ ఒక్కరిని ఆ ఓపీలో కూర్చోబెట్టండి.

మందుల స్టాకు గురించి రెండు మాటలు. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆగిపోతే ఆగని ఫిట్స్ రావచ్చు. “స్టాకు లేదు, వచ్చే వారం రండి” అన్న మాట వేరే జబ్బులకు ఇబ్బంది, మాకు ఐసీయూ. ఆరోగ్యశ్రీ కార్డు ఆస్పత్రిలో చేరితే అక్కరకొచ్చింది గానీ నెలనెలా మందుల బిల్లు మాదే. రెండు నెలల మందు ఒకేసారి ఇచ్చే ఏర్పాటు చేయండి.

ఇక వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. దీర్ఘకాలిక నరాల జబ్బుల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరుంది, పార్కిన్సన్స్ పేరుంది, మూర్ఛ పేరు లేదు. క్యాంపులో డాక్టర్ గారు ఫైలంతా ఓపిగ్గా చదివి, “ఫిట్స్‌కి శాతం లేదమ్మా” అన్నారు. బుద్ధిమాంద్యం ఉంటే దానికి వేయొచ్చట. మా వాడి తెలివి పరీక్షలో 40 శాతం వైకల్యం రాలేదు. దేవుడి దయ. కానీ వాణ్ణి ఒక్కణ్ణీ రోడ్డు దాటనివ్వలేం, మేడ ఎక్కనివ్వలేం, బాత్రూం గడియ పెట్టుకోనివ్వలేం, ఆర్కే బీచ్‌లో మోకాలి లోతు నీళ్లలోకి కూడా దింపలేం. నెలకు 6,000 రూపాయల పింఛను కోసమే కాదు ఈ మాట. సర్టిఫికెట్ ఉంటే బడిలో, పరీక్షల్లో, ప్రయాణాల్లో అడిగే హక్కు ఉంటుంది. కొత్త వైకల్యాలను చేర్చే అధికారం ఆ చట్టమే కేంద్రానికిచ్చింది. మందులకు లొంగని మూర్ఛను చేర్చమని రాష్ట్రం తరఫున మీరు రాయండి.

ఈ లేఖ కింద నా పేరు పెట్టడం లేదు. పెళ్లి రద్దుకి మూర్ఛను కారణంగా చూపే మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు, జనం మనసుల్లోంచి ఇంకా పోలేదు. ఆడపిల్లల తల్లులైతే ఓపీ చీటీ కూడా మడిచి జాకెట్టులో దాచుకుంటారు. రేపు మా వాడికి ఉద్యోగం కావాలి, సంబంధం కావాలి. మీరు పిలిస్తే మాత్రం ఫైలు పట్టుకుని నేనే వస్తాను, నాతో వచ్చే తల్లులూ ఉన్నారు.

ఓపీకి, డైటీషియన్‌కి, చట్ట సవరణకి సమయం పడుతుందని తెలుసు. స్ప్రే ఉత్తర్వుకి అంత సమయం అక్కర్లేదు. విద్యా శాఖతో మాట్లాడి మీ రెండు శాఖలూ కలిసి ఇస్తే సరిపోతుంది. పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం ఆర్బీఎస్కే కింద చూసే జబ్బుల్లో ఫిట్స్ ఎలాగూ ఉంది కాబట్టి, ఏ బడిలో అలాంటి పిల్లలున్నారో ఆ బృందాల నుంచే పేర్లు తీసుకోవచ్చు. జూన్ 12న బడులు తెరుస్తారు. ఆలోపు ఉత్తర్వు వచ్చేలా చూడండి.

ఇట్లు,
ఒక తల్లి
గోపాలపట్నం, విశాఖపట్నం